మా అన్న ఏ పాట పాడాడు

నాలుగేళ్ళ కిందట ఈ సంఘ పత్రికలోనే నేనొక సాక్ష్యం రాశాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో మా అన్న దేవదానం మాస్టారు ప్రభువు పిలుపు అందుకున్నాడనీ, ఆసుపత్రి మంచం మీద పాట పాడుతూ కన్నుమూశాడనీ రాశాను. అది చదివి ధైర్యం తెచ్చుకున్నామని చాలామంది ఉత్తరాలు రాశారు. కొన్ని సంఘాల వాళ్ళు పిలిచి చెప్పించుకున్నారు. ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.

మొన్న అనంతపురం వైపు వెళ్ళి వచ్చాను. ఆ సాక్ష్యంలో ఒక మాట వెనక్కి తీసుకోవాలి. ఊరికే ఆ మాట కొట్టేసి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే వెళ్ళిన దారంతా రాస్తున్నాను.

యాడికి

మాది రేపల్లె దగ్గర కాలవ గట్టు ఊరు. కాలవలో నీళ్ళు ఒక రోజు ఆగితే మాకు అదే పెద్ద వార్త. యాడికిలో బస్సు దిగేసరికి చుట్టూ రాయి. ఇంటి గోడలు నాపరాళ్ళు, కప్పులు నాపరాళ్ళు, చేను చుట్టూ పాతిన కంచె కూడా నాపరాళ్ళే. చేలన్నీ దున్ని సిద్ధంగా ఉన్నాయి. విత్తనాలు ఇళ్ళల్లో బస్తాల్లో ఉన్నాయి. రావాల్సింది వాన ఒక్కటే.

బస్టాండు పక్కన హోటల్లో ఉగ్గాని తిన్నాను. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండేసి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి పొద్దుటి భోజనంగా పెడతారు. రెండు మిరపకాయ బజ్జీలతో కలిపి నలభై రూపాయలు. మొదటి బజ్జీకే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమన్నా, కోస్తా మనిషివా?" అన్నాడు హోటలాయన చెంబు ముందు పెడుతూ. "నీళ్ళు తాగు. అయితే పారబోయద్దు. కండ్ల నీళ్ళు ఎన్నయినా పారబోసుకో, వాటికి టాంకరు తోలించే పని ల్యా."

మా అన్న ఇరవై ఆరేళ్ళ వయసులో లెక్కల మాస్టారుగా ఈ ఊరు వచ్చాడు. ఇక్కడి అమ్మాయినే, మా వదిన సువార్తమ్మనే చేసుకున్నాడు, ఇక్కడే ఉండిపోయాడు. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం కింద పడి అతని ఎడమ కాలి చివరి రెండు వేళ్ళు పోయాయి. మామూలు చెప్పు కాలికి నిలవదు. యాడికిలో ఒకాయన ఎడమ చెప్పుకు ముందు వైపు మెత్త పెట్టి ప్రత్యేకంగా కుట్టి ఇచ్చేవాడు.

వదిన ఇంటి గుమ్మం పక్కన ఆ చెప్పుల జత ఉంది.

"వదినా, ఇవి?"

"మీ యన్నవే. ఉండనీ మరిదీ, అవేం అడ్డం? లోపలికి రా."

ఆ ఊళ్ళో దుమ్ము పడని వస్తువు లేదు. గుమ్మం మీద దుమ్ము, మంచం మీద దుమ్ము. ఆ చెప్పుల మీద మాత్రం లేదు. చూశాను గానీ ఆలోచించలేదు.

లోపల గోడ మీద అన్న పదవీ విరమణ రోజు బడివాళ్ళు ఇచ్చిన సన్మాన పత్రం పటం కట్టి ఉంది. దాని మీద పేరు కె. వెంకటేశ్వర్లు. మనవాళ్ళలో చాలామందికి ఇది కొత్త కాదు. బడిలో వేసిన పేరు ఒకటి, బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి. నాకూ అంతే. సంఘంలో యోహాను, రేషన్ కార్డులో సుబ్బారావు. కాయితాల్లో ఒకసారి పడిన పేరు మార్చుకుంటే పోయేవి చాలా ఉంటాయి. అవేమిటో ఇది చదివేవారిలో తెలిసినవారికి తెలుసు. కాబట్టి రెండు పేర్లతోనే బతుకుతాం. ఇంట్లో, గుడిలో ఒకటి, ఆఫీసులో, ఆసుపత్రిలో ఒకటి.

ఆ కరోనా వేసవిలో వదినకూ జ్వరం. ఇంటి తలుపుకు కాయితం అంటించి ఆమెను లోపలే ఉంచారు. అన్నను అంబులెన్సులో అనంతపురం తీసుకెళ్ళి, ఊరి చివర ఒక హాస్టల్లో తాత్కాలికంగా పెట్టిన వార్డులో చేర్చారు. వదిన ఆ స్థితిలో ఉంది కాబట్టి నా ఫోను నంబరు ఇచ్చారు. పదకొండో రోజు పొద్దున వార్డు నుంచి ఒక నర్సు ఫోను చేసింది. "పాట పాడుకుంటా పోయినారు సార్, ఏం బాధ పడలేదు" అంది. నేను వెళ్ళేలోపే మున్సిపాలిటీవాళ్ళు మిగతా వాళ్ళతో పాటు అన్నను కూడా దహనం చేశారు.

మనం మట్టిలో పెట్టి, తలవైపు రాయి నిలబెట్టి, దాని మీద ఒక వాక్యం చెక్కిస్తాం. పునరుత్థాన దినాన లేస్తారని నమ్మేవాళ్ళం కదా. అన్నకు మట్టి లేదు, రాయి లేదు. నర్సు చెప్పిన ఆ ఒక్క మాటనే రాయిలాగా నిలబెట్టుకున్నాను.

ఆమె నంబరు దాచుకున్నాను. కృతజ్ఞత చెప్పడానికి వస్తానంటే సరే రమ్మంది. గొంతులో సంతోషం మాత్రం వినపడలేదు.

రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర పెడుతూ వదిన అడిగింది. "రేపు ఆ నర్సమ్మ తావకు పోతాండావా?"

"అవును వదినా."

"ఒగటే అడుగు. ఆయన ఏ పాట పాడినాడో అడుగు."

"వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో పాడిద్దామనా?"

ఆమె నా కంచంలోకి చూస్తూ ఇంకో రొట్టె వేసింది. "ఊ. మరిచిపోవద్దు. ఏ పాటో అడుగు."

పొద్దున లేచేసరికి నర్సు కోసం స్టీలు డబ్బాలో ఓళిగలు సర్ది ఉంచింది. మనం బొబ్బట్లంటాం.

విడపనకల్లు

గుంతకల్లులో ఎక్కిన బస్సు కర్ణాటక వాళ్ళది. ముందున్న బోర్డు కన్నడంలో ఉంది. అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా అని ధైర్యంగా ఎక్కాను. వాక్యం చదువుకుంటూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి విడపనకల్లు దాటి సరిహద్దుకు వచ్చేశాం.

"ఏమప్పా, కండ్లు మూసుకుని ప్రార్థన జేస్తాంటివా, నిద్రపోతాంటివా?" అన్నాడు కండక్టరు నా చేతిలో పుస్తకం చూసి.

"రెండూ" అన్నాను.

"అట్లయితే దిగు. దేవుడు యాడికి కావాలంటే ఆడికి తీసుకపోతాడు గానీ, నేనిచ్చిన టిక్కెట్టు విడపనకల్లు వరకే."

మిరప బస్తాలు వేసుకుని వెనక్కి వెళ్ళే ఆటో దొరికింది. దారి పొడుగునా తుమ్ములే. ఇటువైపు నేల నల్లగా ఉంది, ఎండకు చెయ్యి పట్టేంత పగుళ్ళు. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఈ జిల్లాలో నీళ్ళు లేకపోయినా గాలికి కొదవ లేదు.

నర్సు పేరు షమీమ్. నలభై దాటి ఉంటాయి. ఇప్పుడు నర్సు కాదు. ఆ ఏడాది కాంట్రాక్టు అయిపోయాక మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదట. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళకు రవికెలు కుడుతోంది. ఎదురుగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. డబ్బా చేతికిస్తే, "ఎవరు పంపినారు?" అంది. మా వదిన అన్నాను. మూత తియ్యకుండా మిషను పక్కన పెట్టింది.

నేను తయారుచేసుకుని వెళ్ళిన కృతజ్ఞతలన్నీ చెప్పాను. ఆ ఒక్క మాట ఎంతమందిని నిలబెట్టిందో చెప్పాను. ఆమె తల వంచుకుని దారం చిక్కు తీస్తూ వింది.

"మా వదిన ఒక్క సంగతి అడగమంది. అన్న పాడింది ఏ పాట?"

దారం తెగింది.

"సార్, మీరు ఫోను ఎత్తంగానే ఏమన్నారో మీకు గుర్తుందా?"

"లేదమ్మా."

"హలో అన్లే. 'వందనాలండీ' అన్నారు. అందుకే పాట."

నాకు అర్థం కాలేదు. ఆమె నా ముఖం చూసి, ఇక దాచి లాభం లేదన్నట్టు చెప్పింది.

"పొద్దున డ్యూటీలో ఉండేటోళ్ళు రాత్రి పోయినోళ్ళ ఇండ్లకు ఫోను చెయ్యల్ల. మొదట్లో ఉన్నది ఉన్నట్ట చెప్తాంటి. ఒగామెకు చెప్పినా, 'నీళ్ళు అడిగినాడమ్మా, మాస్కు తీయనీక లేకపాయె' అని. ఆమె నెల రోజులు నాకు ఫోను జేసింది సార్. రోజూ అదే మాట, 'నా మొగునికి నీళ్ళు యాల ఇయ్యలేదు?' అని. అప్పటి నుంచి చెప్పేది మానుకుంటి. అవతల వాళ్ళ మొదటి మాట ఇంటే తెలిసిపోతాండె. సలాం అంటే 'కలిమా చదువుకుంటా పోయినారు' అని. దేవుని పేరు ఎత్తుకుంటే 'ఆ నామమే తలుచుకుంటా' అని. వందనాలు అంటే పాట. మీ వాళ్ళు పాడతారు గదా."

"అంటే అన్న పాడలేదా?"

"నాకు తెల్దు సార్. మీ అన్న నాకు గుర్తే లేరు."

ఆ మాట దెబ్బలాగా తగిలింది. నాకు కోపం వచ్చింది, ఒప్పుకుంటున్నాను. అబద్ధాన్ని వాక్యం ఏమంటుందో ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నవాణ్ణి. "మీరు చెప్పిన అబద్ధాన్ని నేను దేవుని బల్ల ముందు నిలబడి చెప్పానమ్మా" అన్నాను.

"చెప్పుండచ్చు సార్." ఆమె గొంతు పెంచలేదు. "మీకు మీ అన్న ఒగరే. నాకు ఆ వార్డులో పేర్లు లేవు, మంచం నంబర్లు. నంబర్లనుకోకుంటే నేను ఇంటికి వచ్చి నా బిడ్డలకు అన్నం పెట్టేదాన్ని గాదు. అందరూ కరోనాకు పోయినారంటారు. నేను ఒప్పుకోను. కొందురు జబ్బుకు పోయినారు. కొందురు ఊర్లో దాచిపెట్టుకొని దాచిపెట్టుకొని ఆఖరుకు వచ్చి పోయినారు. కొందురు పక్క మంచం జూసి పోయినారు. నేను కండ్లారా జూసినా. పక్క మంచం ఖాళీ అయిన పొద్దు వీళ్ళ ఊపిరి పడిపోతాండె. వాళ్ళల్లో ఎవరూ నాతో ఆఖరి మాట చెప్పలే. ఆఖరి మాట బయట ఉన్నోళ్ళకు కావాల, లోపల ఉన్నోళ్ళకు కాదు. వాళ్ళకు గాలి కావాల."

బయట ఎవరో రవికె కోసం పిలిచారు. రేపు రమ్మంది.

"ఎప్పుడో ఒగ పొద్దు ఎవరో ఒగరు వచ్చి ఇట్ల అడుగుతారని తెలుసు సార్. ఫోను మోగితే ఇప్పటికీ భయమే. మీరే మొదుట వచ్చినారు." ఆమె డబ్బా నా వైపు జరిపింది. "ఇది నేను తీసుకోను. పాటకు పంపింది గదా ఆమె."

నేను వెనక్కి తీసుకోలేదు. ఎంత కోపంలో ఉన్నా అది చెయ్యబుద్ధి కాలేదు. లేచి నిలబడితే గుమ్మం దాకా వచ్చి అంది: "మీకు నిజమే కావాలంటే ఓబులేసును అడగండి. కొత్తచెరువు దగ్గర పల్లె. వార్డులో ఊడ్చేదీ, పోయినోళ్ళను చుట్టి కట్టేదీ ఆయప్పే. మేము మరిచిపోయినాం, ఓబులేసు మరిచిపోలే. అది ఆయప్ప తలరాత."

కొత్తచెరువు

ఆ రాత్రి అనంతపురం లాడ్జిలో నిద్ర పట్టలేదు. ప్రార్థనకు మోకరించాను గానీ మాట రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాను. ఏదో ఒక పాట పేరు చెబితే వదిన సంతోషిస్తుంది, కూడిక జరిగిపోతుంది. ఆ ఆలోచన వచ్చాక తెలిసింది, షమీమ్ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు ఎంతుందో.

కొత్తచెరువు వైపు మల్బరీ తోటలు. బోరు నీళ్ళు ఉన్నచోట ఆకుపచ్చ, లేనిచోట బండ. ఇప్పుడు జిల్లా పేరు మారింది గానీ నేల మారలేదు. ఓబులేసు ఒక రైతు దగ్గర పట్టుపురుగుల షెడ్డులో కూలి. నేను వెళ్ళేసరికి షెడ్డు గుమ్మంలో పరిచిన గోనెపట్ట మీద తెల్లటి పొడి చల్లుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"దాని మింద కాళ్ళు పెట్టి రా సామీ. బ్లీచింగు. పురుగులకి అంటు తగిలితే పంటంతా పోతాది."

ఆ వాసనకు ముక్కు మూసుకున్నాను. అతను నవ్వాడు. "అదే వాసన. కరోనా వార్డుదీ ఇదే. పని మార్చినా గానీ వాసన మార్చుకోలేకపోతి."

షమీమ్ పంపిందని చెప్పాను. ముఖం వెలిగింది. "అక్క బాగుండాదా? రవికెలు కుడతాండాదంట గదా. సూదులు ఏసేది మాని సూదిలో దారం ఎక్కిస్తాండాది."

అతని భార్య సంగటి ముద్ద, ఊరిబిండి తెచ్చి పెట్టింది. వేయించిన వేరుశనగ పప్పు, మిరపకాయలు కలిపి రోట్లో నూరిన పచ్చడి అది. మా వైపు సంగటి తినడం రాదు. నేను నములుతుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నమలద్దు సామీ, మింగల్ల" అన్నాడు ఓబులేసు. అలా మింగుతూనే అతని మాటలు విన్నాను.

వార్డు పనికి అతనూ ఇంకొకడూ చేరారు. రెండోవాడు నాలుగో రోజు పారిపోయాడు. ఓబులేసు పారిపోలేదు. ఎందుకని అడిగాను.

"పోదామనే అనుకుంటి. ఒగ ముసలాయప్ప పోయినాడు. మా ఇండ్లల్లో మనిషి పోతాంటే తలకాడ ఒగరు కూచొని చెవులో గోవిందా అంటారు. ఆయప్పకి ఎవరూ ల్యా. సంచిలో ఏసి జిప్పు గుంజాల. గుంజనీక నా చెయ్యి రాలే. వంగి చెవులో చెప్పినా. చెప్పినాక చెయ్యి ఆడింది. అప్పట్నుంచి అందరికీ చెప్తాంటి. డాక్టర్లు గుండె ఆగింది అంటారు, నర్సమ్మోళ్ళు ఊపిరి పడిపాయె అంటారు. నాకి అవి తెల్దు. తలకాడ ఒగ మనిషి ఉంటే అది సావు సామీ. ల్యాకుంటే పారేసేది."

"అందరికీ గోవిందా అనేనా?"

"కాదు కాదు. తురకోళ్ళకి ఏమనాల్నో షమీమక్క చెప్పింది. నా నాలిక తిరగలే, అల్లా అని మాత్రం అంటాంటి. మీ అట్లాంటోళ్ళకి ఏసయ్యా అంటాంటి. రొమ్ము మింద పట్టీ అంటించి పేరు రాస్తారు. కూడబలుక్కొని సదవనీక వచ్చు నాకి. పేరు సూసి చెప్పేది."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. అయినా అడిగాను. "మా అన్నను గుర్తుపడతావా? దేవదానం అని, మాస్టారు."

అతను కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ఆ పేరు ల్యా సామీ. నాకి మొగాలు గుర్తుండవు. మాస్కు కింద ఉంటాండె. కాళ్ళు గుర్తుంటాయి. కాళ్ళకాడ నిలబడి కట్టేది నేనే గదా."

"ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు."

"చివరి రెండా?"

"అవును."

"వెంకటేశ్వర్లు" అన్నాడు ఓబులేసు.

ఆ పేరు నేను చెప్పలేదు. అతని నోటి నుంచి వచ్చింది.

"మా పెదనాయన పేరు గూడా అదే. అందుకే ఇంగా గుర్తు. తెల్లారుజామున నేల తుడుస్తాంటి. సైగ జేసి పిలిచినాడు. నీళ్ళు కావాలన్నట్ట. నర్సమ్మ ఇంగో మంచంకాడ ఉండాది. దూది తడిపి పెదాలకి పెట్టినా. నా చెయ్యి పట్టుకున్నాడు, గ్లవుసు మిందనే. శానా సేపు ఇడిసిపెట్టలే."

"పాడాడా?"

"పాడనీక యాడిది సామీ, ఊపిరే ల్యాకపాయె." అతను తన కుడి చెయ్యి చూసుకున్నాడు. "పట్టు వదిలినాక చెవులో మూడుసార్లు గోవిందా అని చెప్పినా. బాగా చెప్పినా. పెదనాయన పేరోడు గదా."

నా మనసులో మాట ముఖంలో కనపడి ఉంటుంది.

"ఏం సామీ?"

"మేము క్రైస్తవులం, ఓబులేసూ. మా అన్న కూడా. వెంకటేశ్వర్లు కాయితం మీది పేరు."

అతను లేచి నిలబడ్డాడు. భార్య కూడా నవ్వు ఆపేసింది. "అయ్యో! ఎంత పని జేస్తిని. ఆయప్ప పోవాల్సిన దోవ ఒగటి, నేను తోలిన దోవ ఒగటి ఆయె గదా. తప్పు జేస్తినా సామీ? చెప్పు, నువ్వు సదువుకున్నోనివి. తప్పేనా?"

మోక్షానికి ఒకే నామం ఉందని నేను ముప్పై ఏళ్ళుగా బోధించాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అది మార్చుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ నా అన్న చెయ్యి పట్టుకున్న మనిషి నా ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ రోజు నేను మూడు వందల మైళ్ళ దూరంలో తలుపు గడియ వేసుకుని ప్రార్థన చేస్తున్నాను.

"మా దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు" అన్నాను. "మా అన్నకు రెండు పేర్లు. రెండూ ఆయనకు తెలుసు."

"కోపం జేసుకోడు గదా ఆయన?"

"దూదితో తడిపావు కదా. అదీ చూశాడు."

అతను కూర్చున్నాడు గానీ పూర్తిగా కుదుటపడలేదు. నేను బయలుదేరేటప్పుడు కూడా పొడి చల్లిన గోనెపట్ట దగ్గర నిలబడి తనలో తానే అనుకుంటున్నాడు. "రెండు పేర్లోళ్ళు ఇంగెంతమందో. పట్టీ సూసి చెప్తినే. ఎవురికి ఏం చెప్తినో."

నేను బస్సు దారి పట్టాను.

మళ్ళీ యాడికి

తిరిగి వచ్చేసరికి వదిన వాకిట్లో నలుగురు ఆడవాళ్ళతో కలిసి విత్తనం కోసం శెనక్కాయలు ఒలుస్తోంది. వాన పడితే పొద్దున్నే విత్తాలి కాబట్టి ముందే ఒలిచి పెట్టుకుంటారట. మా వరి ఊళ్ళలో ఈ పని లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నేనూ కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. పది కాయలకే బొటనవేలు మంట పుట్టింది.

"పప్పు చితక్కొట్టద్దు మరిదీ, మొలక రాదు" అంది వదిన. కాసేపాగి, "ఏ పాట?" అంది.

"పాడలేదు వదినా."

ఆమె చేతులు ఆగలేదు.

"నాకి తెలుసు. ముప్పై ఏండ్లు గుడిలో ఆయన పక్కన కూచున్నా. ఒగ పొద్దన్నా గొంతు ఎత్తినోడు గాదు. పెదాలు ఆడిస్తాండె, అంతే. 'లెక్కల మాస్టరును, నాకి రాగాలు యాడొస్తాయి' అంటాండె. నీకి తెల్దా?"

నాకు తెలుసు. చిన్నప్పుడు సండే స్కూల్లో అన్న గొంతు విని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఫోనులో ఆ మాట వినగానే అది మరిచిపోయాను. మరిచిపోవాలనిపించింది.

"తెలిస్తే మరి ఎందుకు అడగమన్నావు?"

వదిన ఒలిచిన గింజలను చేటలోకి జరిపింది. "పాడుతా పోయినాడు అని నువ్వు చెప్పిన పొద్దే అనుకుంటి. ఆయన గాదు. ఆ పోయినోడు ఎవరో ఇంగొకడు. కాయితాలు తారుమారు అయినాయి. ఈయప్ప యాడో మతి ల్యాక పడుండాడు, ఎప్పుడో ఒగ పొద్దు వస్తాడు. నేను శవం సూడలే, బూడిద సూడలే. నీ పాట ఒగటే నాకి ఉండేది."

నా సాక్ష్యం విని అన్ని సంఘాలు ధైర్యం తెచ్చుకున్నాయి. మా వదిన మాత్రం దాన్ని పట్టుకుని నాలుగేళ్ళు గుమ్మం వైపు చూసింది. ఈ నాలుగేళ్ళలో ఆమెతో ఎన్నోసార్లు ఫోనులో మాట్లాడాను. అడగలేదు.

ఓబులేసు చెప్పిందంతా చెప్పాను. దూది, చెయ్యి, చెవిలో గోవిందా, ఏదీ దాచలేదు. గోవిందా దగ్గర ఆమె ఏమంటుందోనని ఆగాను. ఆమె ఆ సంగతే పట్టించుకోలేదు.

"వేళ్ళు ఆయప్పే సూసినాడా?"

"చూశాడు."

"చివరి రెండూనా?"

"చివరి రెండూ. పేరు కూడా అతనే చెప్పాడు, వెంకటేశ్వర్లని."

చేట కింద పెట్టింది. చాలాసేపు ఏడ్చింది. భర్త పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది. జ్వరంతో తలుపు లోపల ఉండి ఆనాడు ఏడవలేదని తర్వాత నాకు పక్కింటావిడ చెప్పింది. నేను ప్రార్థన చేయబోయి మానుకుని, పక్కన కూర్చున్నాను.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. ఆదివారం కూడికలో మాస్టారు గారి పాట పాడిద్దామనుకున్నాం, ఏదో తెలిసిందా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వదిన ముఖం తుడుచుకుని చెప్పింది.

"మీకి వచ్చింది ఏదన్నా పాడండయ్యా. ఆయనకి ఏదయినా ఒగటే."

ఆయన వెళ్ళాక లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చెప్పులు రెండూ తీసుకుంది. అలవాటు ప్రకారం కొంగుతో తుడవబోయి ఆగింది. తుడవకుండానే లోపలికి తీసుకెళ్ళి, గోడకున్న సన్మాన పత్రం కింద పెట్టె మూత తెరిచి, అందులో పెట్టి మూసింది.